వానను తిట్టిన పేజీ

ఒప్పణక్కార వీధిలో బస్సు దిగి మా సందులోకి తిరగబోతుంటే గోడ మీద పోస్టరులో ఆయన ముఖం కనిపించింది. తమిళంలో 'కన్నీటి అంజలి' అని పెద్ద అక్షరాలు. కింద ఎప్పుడో రేషన్ కార్డు కోసం తీయించుకున్న ఫోటో. దానికి కంప్యూటరువాడు తొడిగిన కొత్త తెల్లచొక్కా. కొడుకు, కోడలు, మనవలు, వియ్యంకులు, సూలూరు మగ్గాల షెడ్డు మిత్రులు, అందరి పేర్లూ ఉన్నాయి. ఆయన యాభై ఏళ్ళు కథలు రాశాడన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. పోయి ఐదు రోజులైందట. సూలూరునుంచి మా ఇంటికి కబురు రాలేదు, పోస్టరు కూడా ఆ రోజే అంటించారు. చెప్పవలసినంత దగ్గరగా నేను మిగలలేదు మరి. అది నా తప్పే. ఆ తప్పు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒక్కసారి అచ్చులో ఆయన పేరు వేయించినందుకే ఇంత జరిగింది.

కోయంబత్తూరు నడిబొడ్డున ఉన్న మా సందులో అందరం తెలుగువాళ్ళమే. నాయక రాజుల కాలంలో వచ్చామంటారు, ఎందుకొచ్చామో ఇంటికో కథ చెబుతారు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు మాకు నోటికి వచ్చు, చేతికి రాదు. సందు మొదట్లో ఒక ప్రెస్సు ఉండేది, ఎదురుగా కాఫీ కొట్టు. ఊళ్ళోని తమిళ రచయితల్లో సగంమంది ఆ కొట్టు బల్లల మీదే పెరిగారు. వాళ్ళలో చాలామందిది మా ఇళ్ళలాంటి ఇళ్ళే. సాహిత్యం గురించి తమిళంలో తగువులాడుకునేవారు. కాఫీలో చక్కెర తగ్గితే మాత్రం తెలుగులో తిట్టుకునేవారు.

ఆయన ఆ ప్రెస్సులో ప్రూఫులు చూసేవాడు. నాకు మామ వరస. చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి. నీలం పెన్ను ఆయన సొంతానికి, ఎర్రది లోకం తప్పులకి. అచ్చయిన కాగితం ఏది చేతికిచ్చినా ఎర్రది బయటికొచ్చేది. ఎవరో కూతురి పెళ్ళికి పిలవడానికి వెండి పళ్ళెంలో శుభలేఖ పెట్టి ఇస్తే, నిలబడే చదివి, రెండు చోట్ల గీతలు పెట్టి, అదే పళ్ళెంలో తిరిగి పెట్టాడు. "చానా సంతోషం, తప్పకుండా వస్తా. రెండో లైన్లో అక్షరం ఒకటి విరిగుండాది, చూసుకోండి" అన్నాడు. పెళ్ళికూతురి తండ్రి ఆ ఏడాదంతా ఆయనతో మాట్లాడలేదు.

"ప్రూఫు చూసేవాడు అర్థం చూడగూడదు అమ్మిణీ" అనేవాడు నాతో. మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా అలా పిలుస్తారు. "అర్థం చూస్తే కన్ను దాని ఎనకాలే పోతాది, తప్పు తప్పించుకుంటాది. రాసినోడిది మూలం. మనం దానికి కూలోళ్ళం. మూలంలో ఏముంటే అదే సరి." ప్రెస్సులో ఒకరు మూలాన్ని పైకి చదువుతుంటే ఈయన అచ్చుకాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోయేవాడు. కొట్టేసిన అక్షరం మీద ఒక్కటే గీత, సన్నగా. కింద ఏముందో కనపడకపోతే కంపోజింగువాడు ఏం దిద్దుతాడని కసిరేవాడు.

ఇంటికొచ్చాక నీలం పెన్ను తీసేవాడు. పొడుగాటి నోటుబుక్కుల్లో కథలు రాసేవాడు, తెలుగులో. తెలుగులో అంటే మాటలు మాత్రం తెలుగు, అక్షరాలు తమిళం. మా వాళ్ళంతా ఉత్తరాలూ సరుకుల చీటీలూ అలాగే రాస్తారు. కథలు రాసినవాడు మాత్రం ఈయనొక్కడే. తెలుగువాళ్ళు చూస్తే అక్షరం తెలియదు, తమిళులు చూస్తే మాట తెలియదు. కాఫీ కొట్టులో ఒక పెద్ద రచయిత అందరి ముందూ ఎగతాళి చేశాడు. "రాసేది తెలుగు, అచ్చరం అరవం. నిన్ను చదివేవాడు ఇంకా పుట్టలేదప్పా" అన్నాడు.

"పుట్టనీలే, తొందరేముండాది" అన్నాడు ఈయన.

ఆ పెద్ద రచయితే తర్వాత ఈయన నోట విన్న సంగతుల్ని తమిళంలో కథగా రాశాడు. మామ వాళ్ళమ్మ పళని దగ్గర నల్లరేగడి ఊళ్ళో కరువు రోజుల్లో పిల్లల్ని ఎలా సాకిందో, ఆ కథ. దానికి చాలా పేరొచ్చింది. దాని ప్రూఫులు చూసింది కూడా ఈయనే. ఒక్క తప్పు పోనివ్వలేదట.

"కోపం రాలేదా మామా?" అని అడిగాను.

"ఏంటికి కోపం? అరవంలో అయినా మా అమ్మ కొంజం కాలం బతకనీ." మళ్ళీ తనే అన్నాడు: "అయితే అమ్మ నోరు అరవానికి రాలేదు అమ్మిణీ. ఆమె పడిన కష్టం అంతా వచ్చింది, నోరు రాలేదు. అది నా కాడే ఉండాది. దాన్ని నేనే గట్టెక్కించాల."

వాళ్ళమ్మకి ఫోటో లేదు. ఆమె వాడిన వస్తువంటూ ఒక్కటీ మిగల్లేదు. ఆమె మాట్లాడే తీరొక్కటే ఈయన దగ్గరుంది. అది తనతో పోకూడదన్నదే ఆయన బతుకంతటికీ ఉన్న ఆశ.

మధ్యాహ్నం మూడు దాటాక ఆయన ఇంటి తిన్నె మీద ఐదారుగురు ఆడవాళ్ళు చేరేవారు. పూలు కట్టే అత్త, మా అమ్మ, ఇంకా కొందరు. వాళ్ళు పూలు కట్టుకుంటూ, బియ్యం ఏరుకుంటూ ఉంటే ఈయన నోటుబుక్కు తెరిచి చదివేవాడు. వాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే కథ. వాన రాని ఏడాది వాళ్ళమ్మ రోజూ సాయంత్రం గడపలో నిలబడి వానను తిట్టేదట, వేళకి ఇంటికి రాని మొగుణ్ణి తిట్టినట్టు. ఆ తిట్టు నోటుబుక్కులో ఒక పేజీ నిండా ఉండేది. "ఒరే కండ్లు పోయిన వానా, యాడ సచ్చినావురా" అని మొదలయ్యేది. అక్కణ్ణుంచి వాన పుట్టుకా, వాన వంశమూ, వాన ఎవరింటి చుట్టూ తిరుగుతోందో అన్నీ బయటికొచ్చేవి. ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. కథ చివర ఆమెను పాడె మీద మోసుకుపోతుంటే వాన వస్తుంది. అక్కడ అందరూ ఏడ్చేవారు. ఏ సినిమా థియేటరూ ఇవ్వలేని మధ్యాహ్నాలవి.

అప్పుడు నేను చిన్నదాన్ని, ఆ పేజీ విన్నాను గానీ పట్టించుకోలేదు. అది ఎక్కడికీ పోదనుకున్నాను.

నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి నెల్లూరులో వేశారు. తెలుగువాళ్ళ దేశం పోతున్నానని సంబరపడ్డాను. మొదటి రోజు నేను నోరు తెరవగానే కౌంటర్లో అందరూ నవ్వారు. చెడ్డవాళ్ళు కాదు, సరదాగానే నవ్వారు. "మేడమ్, మళ్ళీ ఒకసారి అనండి" అని అడిగి మరీ నవ్వారు. ఆ రాత్రి అద్దె గదిలో ఏడ్చాను. తర్వాత బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను, పేపరు చదివి మాట మార్చుకున్నాను. నాలుగేళ్ళలో నా నోట్లోంచి మా సందును పూర్తిగా కడిగేశాను. అది గొప్పనుకున్నాను కూడా.

బదిలీ మీద కోయంబత్తూరు తిరిగొచ్చిన రోజే ఆయన మా ఇంటికొచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన నోటుబుక్కుతో.

"నీకు తెలుగు అచ్చరం వచ్చునంట. నిజమా?"

"వచ్చు మామా."

"రాసి చూపించు. అమ్మ అని రాయి."

రాశాను. కాగితాన్ని కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు. "జాంగ్రీ పిండినట్టు ఉండాదే" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ప్రెస్సు మూసేసి చాలా కాలమైంది. తిన్నె మీద వినేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. చక్కెర జబ్బు కళ్ళకెక్కింది.

"డాక్టరు రెండేండ్లే చెప్పినాడు, చూపుకి. అంతలోపల మా అమ్మను తెలుగు అచ్చులో ఒకతూరి చూడాల అమ్మిణీ. నాకు చదివేకి రాదు, పరవాలేదు. ఇదీ మా అమ్మ అని కాగితం తడిమి చూసుకుంటా. నిన్ను ఇడిస్తే నాకు ఇంకెవరూ లేరు."

చదివేవాడు పుట్టనీ అన్నాడు కదా, ఆ పుట్టినదాన్ని నేనే అనుకున్నాను. పొంగిపోయాను.

నెల్లాళ్ళు కూర్చుని వాన కథ ఎత్తి రాశాను. రాస్తూ రాస్తూ దిద్దాను. ఎవరూ దిద్దమనలేదు. ప్రతి వాక్యం దగ్గరా నాకు నెల్లూరు కౌంటరు నవ్వు వినిపించేది. సంపాదకుడు నవ్వుతాడు, చదివేవాళ్ళు నవ్వుతారు, పాపం ముసలాయన పరువు పోతుంది అని భయపడ్డాను. ఆయన పరువు కాదు, నాదే. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. అన్ని తిట్లు ఒక తెలుగు పత్రికకి ఎలా పంపుతాం? మొత్తం తీసేసి, "ఓ వర్షమా! మా పట్ల నీకింత నిర్దయ ఎందుకు?" అని ఆమె ఆకాశాన్ని ప్రశ్నించినట్టు నాలుగు వాక్యాలు రాశాను. చక్కగా కుదిరాయని మురిసిపోయాను కూడా. నోటుబుక్కు ఆయనకి తిరిగి ఇచ్చేశాను.

కథ అచ్చయింది. భాష స్వచ్ఛంగా ఉందని సంపాదకుడు ఉత్తరం రాశాడు. మైసూరుపాకు కొనుక్కుని, పత్రిక పట్టుకుని తిన్నె దగ్గరికి పోయాను. పూలత్తనీ మా అమ్మనీ పిలిచాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పత్రికలో తన పేరున్న చోటు వేలు పెట్టి చూపించమన్నాడు. దాని మీద చెయ్యి ఉంచుకునే, "చదువు" అన్నాడు.

చదివాను. ఎక్కడా నవ్వు రాలేదు. చివర ఎవరూ ఏడవలేదు. పూలత్త మధ్యలో దారం తెంపుకుని మళ్ళీ ముడి వేసుకుంది.

మా అమ్మే ముందు నోరు తెరిచింది. "రేడియోలో వార్తలు చదివే మాదిరి ఉండాదే. ఆ ముసలామె తిట్టేది యాడ పోయింది?"

నాకు ఒళ్ళు మండింది. నెల్లాళ్ళ కష్టం. "మీకు తెలుగొస్తే కదా తెలిసేది! మనం మాట్లాడేది తెలుగే కాదమ్మా. అక్కడ ఇట్లా మాట్లాడితే మొహం మీదే నవ్వుతారు. ఇదీ తెలుగంటే" అన్నాను.

అమ్మతోనే అన్నాను. ఆయన పక్కనే ఉన్నాడు.

ఆయన పత్రిక మీది చెయ్యి మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చానా బాగుండాది అమ్మిణీ" అన్నాడు. "ఇంకొకతూరి చదువు. మెల్లగా. ఒక్కో లైనూ ఆపి ఆపి."

లోపలికెళ్ళి నోటుబుక్కు తెచ్చుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను చదువుతుంటే రాసుకుంటూ పోయాడు. జేబులోంచి తీసింది ఎర్ర పెన్నని చూశాను. నీలంది అయిపోయిందేమో అనుకున్నాను. అచ్చయిన కథ తన దగ్గరా ఉండాలని సంతోషంగా ఎత్తి రాసుకుంటున్నాడనుకుని, నేను ఇంకా స్పష్టంగా పలికాను.

ఆ తర్వాత ఆయన తిన్నె మీద చదవలేదు. ఆడవాళ్ళు రెండు మూడు సార్లు అడిగి ఊరుకున్నారు. ఏం మామా అంటే, "నాకు తెలుగు రాదమ్మిణీ. ఇన్నాళ్ళూ వచ్చునని అనుకుంటిని" అన్నాడు. వినయానికి అంటున్నాడనుకున్నాను. నిజానికి అప్పుడే నాకు అనుమానం తగిలింది. కానీ అక్కడ ఆగి అడిగితే నేను రాసింది తప్పని ఒప్పుకోవాలి. అడగలేదు.

కొడుకు సంసారం సూలూరుకి మార్చాక ఆయన అక్కణ్ణుంచి ఫోను చేసేవాడు. "అమ్మిణీ, సుమ్మా ఒక మాట. కడుపు మండుతుండాది అనేదానికి మంచి తెలుగులో ఏమంటారు?" నేను చెప్పేదాన్ని. మర్నాడు ఇంకోటి. "పెండ్లాము అంటే నవ్వుతారా? యాలకి, పొద్దుకి అంటే తప్పా?" తప్పనే చెప్పేదాన్ని. ముసలితనంలో భాష నేర్చుకుంటున్నాడని ముచ్చటపడి పంతులమ్మనైపోయాను. రోజూ రోజూ అదే అయ్యేసరికి విసుగొచ్చింది. "పనిలో ఉన్నా మామా, అప్పరం మాట్లాడతా" అనడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి ఫోన్లు ఆగిపోయాయి. నేను తిరిగి చెయ్యలేదు.

పోస్టరు చూసిన మర్నాడు సూలూరు వెళ్ళాను. మగ్గాల చప్పుడులో ఇల్లు అదురుతోంది. కొడుకు నన్ను కూర్చోబెట్టి, లోపలినుంచి ఒక దిండుగలీబు తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఏడు నోటుబుక్కులున్నాయి.

"ఇది నీకే ఇవ్వాలని నాయన చెప్పినాడక్కా. కడదాకా దీంతోనే కూర్చోనుండె. కన్ను కానరాకపోయినా, భూతద్దం పెట్టుకోని. మాకు ఆయన రాసిండేది అర్థం కాదు. నా పిల్లోళ్ళకి మాట్లాడేదానికే రాదు."

మొదటి నోటుబుక్కు తెరిచాను. పేజీ అంతా ఎరుపు. వాన కథ మీద, నీలం వాక్యాల మీద ఎర్రసిరా. పక్కన మార్జిన్లో నా వాక్యాలు, తమిళ అక్షరాల్లో, ఆయన చేతిరాతతో. "ఓ వర్షమా! మా పట్ల నీకింత నిర్దయ ఎందుకు?" ఆ రోజు తిన్నె మీద ఆయన ఎత్తి రాసుకోలేదు. నా అచ్చుకథనే మూలంగా నాచేత చదివించుకుని, తన కథను ప్రూఫుగా దిద్దుకున్నాడు. ప్రెస్సులో ఏళ్ళ తరబడి చేసిన పని అదే. మూలంలో ఏముంటే అదే సరి.

తిట్టు ఉన్న పేజీ మీద ఒక్క సన్నగీత కాదు. గీత మీద గీత, గీత మీద గీత, కాగితం చిరిగేదాకా. ఎవరి కంటా పడకూడదన్నట్టు కొట్టేశాడు. వెలుతురుకి ఎత్తి పట్టి చూశాను. పేజీ తిప్పి, వెనక పడిన పెన్ను నొక్కుల్లోంచి చదవబోయాను. మొదటి లైనులో 'కండ్లు' అన్న మాట సగం కనిపించింది, అంతే. మిగతా ఆరు నోటుబుక్కులూ అంతే. నేను ఫోనులో చెప్పిన మాటలన్నీ ఒక్కటీ పోకుండా వాటి వాటి చోట ఉన్నాయి. చివరి పుస్తకం చివరి పేజీలో, వంకరపోయిన పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక లైను: "అంతా సరిచేసి ఉండాను. ఇంకా తప్పుంటే అమ్మిణి దిద్దాల."

ఆ ఇంట్లో, ఆ మగ్గాల చప్పుడులో, నేను గట్టిగా ఏడ్చాను. కొడుకు పాపం తండ్రి కోసం అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

సాయంత్రం మా సందుకి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా అమ్మనీ పూలత్తనీ కూర్చోబెట్టాను. ఆ తిన్నె మీద విన్నవాళ్ళలో ఇక మిగిలింది వాళ్ళిద్దరే. పెన్నూ కాగితం తీసుకున్నాను. తమిళ అక్షరమో తెలుగు అక్షరమో, ఏదైతే అది, వాళ్ళ నోట ఎలా వస్తే అలా రాద్దామని.

"ఒరే కండ్లు పోయిన వానా, యాడ సచ్చినావురా. అప్పరం ఏమనేది ఆమె? చెప్పండి."

పూలత్త కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది. ఏదో వస్తున్నట్టే వచ్చి ఆగిపోయింది.

"చానా తిట్టు ఉండె అమ్మిణీ" అంది. "మేము నవ్వి నవ్వి ఏడిస్తిమి. అది గుర్తుండాది."

"ఏమని తిట్టింది అత్తా? ఒక్క మాట అయినా?"

అమ్మ నా చేతిలోని కాగితం వైపు చూసి, నేనెందుకింత కంగారుపడుతున్నానో అర్థం కానట్టు అంది: "మమ్మల్ని ఏంటికి అడుగుతుండావు? ఆయన అంతా పుస్తకంలో రాసిపెట్టినాడు కదా, ఇంక మనం గుర్తుపెట్టుకునేది ఏంటికని మేము ఇడిసిపెడితిమి. దాంట్లో చూడు, ఉంటాది."